అగ్నిపర్వతం పక్కన కాపురం పెట్టిన శాస్త్రవేత్త – థామస్ జాగర్



ప్రతి ఏడాదీ మన సంచికలో మహనీయుల జీవితాలు వేస్తున్నాం. అంబేద్కర్ గారి గురించీ, ఫూలే దంపతుల గురించీ, కలాం గారి గురించీ మన అన్నలు ఎన్నోసార్లు రాశారు. ఈసారి మన పాఠ్యపుస్తకాల్లో పెద్దగా కనిపించని ఒక శాస్త్రవేత్త గురించి రాయమని సంచిక కమిటీ మమ్మల్ని అడిగింది. మేము ఇదే హాస్టల్లో చదువుకుని ఇప్పుడు ఎం.ఎస్సీ. జియాలజీ చేస్తున్నవాళ్ళం. మా ఇళ్ళల్లో మాకంటే ముందు కాలేజీ గడప తొక్కినవాళ్ళు లేరు. అందుకే ఏది రాసినా మా చిన్నప్పటి సంగతి ఒకటి కలపకుండా రాయలేం. ముందు అది చెప్పి అసలు విషయంలోకి వస్తాం.

మేము తొమ్మిదో తరగతిలో ఉన్నప్పటి మాట. శ్రావణమాసం. సాయంత్రం స్టడీ అవర్‌కు ముందు వాచ్‌మన్ తాత వచ్చి, వాగు నీళ్ళు ఎర్రబడ్డాయనీ, ఎండుకొమ్మలు కొట్టుకొస్తున్నాయనీ, పైన ఎక్కడో గట్టి వాన పడిందనీ, ట్రంకు పెట్టెలు మేడ మీదకు ఎక్కించుకోమనీ చెప్పాడు. మన దగ్గర చినుకు కూడా లేదు. మేము నవ్వాం. రాత్రి రెండు దాటాక కింది గదిలో మోకాలి లోతు నీళ్ళు. ప్రాణాలకు ఏమీ కాలేదు గానీ పదో తరగతి అన్నల నోట్సులన్నీ నానిపోయాయి. కొన్నాళ్ళకు ఒక సారు వచ్చి నీళ్ళు ఎంత ఎత్తుకు వచ్చాయని అడిగితే ఒకరు మోకాలన్నారు, ఒకరు నడుమన్నారు. ఎవరూ గుర్తు పెట్టలేదు, ఎవరూ రాసుకోలేదు.

తర్వాత ఎం.ఎస్సీ.లో జాగర్ జీవితం చదివినప్పుడు మాకు మొదట గుర్తొచ్చింది ఆ తాతే.

బాల్యం, చదువు

థామస్ అగస్టస్ జాగర్ 1871 జనవరి 24న అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరంలో పుట్టారు. తండ్రి క్రైస్తవ మతపెద్ద, బిషప్. మనలాగా కలిగీ కలగని ఇల్లు కాదు. హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో చదివి 1897లో డాక్టరేట్ పొందారు. మధ్యలో జర్మనీ వెళ్ళి అక్కడా చదువుకున్నారు. ఆ తర్వాత హార్వర్డ్‌లోనే పాఠాలు చెప్పారు.

ఆ రోజుల్లో ఆయనకు ప్రయోగశాల అంటే ప్రాణం. ఇసుక పోసి, దాని మీద నీళ్ళు పారించి, వాగులు ఎలా పుడతాయో, నేలను ఎలా కోస్తాయో, మట్టిని తీసుకెళ్ళి ఎక్కడ మేట వేస్తాయో చిన్న పళ్ళేల్లో చూసేవారు. వాన వెలిశాక మన గ్రౌండులో కాలువలు తీసి ఆడుకునే ఆటే అది. తేడా ఒక్కటే. ఆయన కొలిచి రాసుకునేవారు.

బూడిదైన ఊరు

1902 మే 8 ఆయన జీవితాన్ని మార్చేసింది. కరీబియన్ సముద్రంలో మార్టినిక్ అనే చిన్న ద్వీపం ఉంది. అక్కడి పెలే అగ్నిపర్వతం ఆ ఉదయం పేలింది. నిప్పులాంటి వాయువు, బూడిద కలిసిన మేఘం కొండ మీద నుంచి దొర్లుకుంటూ వచ్చి సెయింట్ పియెర్ పట్టణాన్ని నిమిషాల్లో కాల్చేసింది. సుమారు 28,000 మంది చనిపోయారు. ఊళ్ళో బతికి బయటపడ్డవాళ్ళను వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. వాళ్ళలో ఒకడు జైలు గదిలో ఉన్న ఖైదీ.

కొండ అంతకు ముందు కొన్ని వారాలుగా పొగ, బూడిద కక్కుతూనే ఉంది. పట్టణానికి ప్రమాదం లేదని అధికారులు ప్రజలకు నచ్చజెప్పారు. దాన్ని రోజూ కనిపెట్టి చూసే పరికరాలు గానీ, ఆ పని తెలిసిన మనుషులు గానీ అక్కడ లేరు.

పేలుడు జరిగిన రెండు వారాల లోపే అమెరికా నౌకాదళం ఓడలో సహాయ సామగ్రితో పాటు కొందరు శాస్త్రవేత్తలు వెళ్ళారు. వారిలో 31 ఏళ్ళ జాగర్ ఒకరు. శవాలు, కూలిన గోడలు, బూడిద. శాస్త్రవేత్త అనేవాడు అంతా అయిపోయాక వచ్చి రాళ్ళు ఏరుకుని వెళ్ళడం ఏం పని అనే ఆలోచన ఆయనను అక్కడే పట్టుకుంది. ప్రమాదం జరిగాక కాదు, జరగకముందు అక్కడ ఉండాలి. ఒక రోజు కాదు, రోజూ ఉండాలి. ఆ తర్వాత 50 ఏళ్ళు ఆయన చేసిందంతా ఈ ఆలోచన మీదే నడిచింది.

1906లో ఇటలీలో వెసూవియస్ పేలితే అక్కడికీ వెళ్ళారు. అదే ఏడాది మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో భూవిజ్ఞాన శాఖకు అధిపతి అయ్యారు. 1908 డిసెంబరులో ఇటలీలోనే మెస్సీనా భూకంపం వేల కుటుంబాలను తుడిచిపెట్టింది. ఆలోచనను ఇంకా వాయిదా వేయడం తప్పు అనిపించింది ఆయనకు.

కొలువు వదిలి కొండకు

పసిఫిక్ మహాసముద్రం నడిమధ్యలో హవాయి ద్వీపాలు ఉన్నాయి. అక్కడి కిలవేయా అగ్నిపర్వతం పెలేలాగా ఎక్కువగా పేలదు. లావా పైకి ఉబికి పారుతుంది. దాని గుండెలో హలెమౌమౌ అనే గొయ్యి ఉంది. ఆ కాలంలో అందులో లావా చెరువులా నిలిచి కుతకుతలాడుతూ ఉండేది. రోజూ దగ్గరికి వెళ్ళి చూడటానికి ఇంతకంటే మంచి చోటు లేదని జాగర్ నిర్ణయించుకున్నారు. 1909లో హవాయి వెళ్ళినప్పుడు లోరిన్ థర్‌స్టన్ అనే పత్రికాధిపతి తోడయ్యారు. ఆయన స్థానిక వ్యాపారుల దగ్గర చందాలు పోగుచేశారు. విట్నీ దంపతుల ఆస్తి నుంచి 25,000 డాలర్లు పరిశోధనకు విరాళంగా వచ్చాయి. 1911లో ఫ్రాంక్ పెరెట్, షెపర్డ్ అనే ఇద్దరు ముందుగా వెళ్ళి లావా చెరువు వేడిని కొలిచారు. అది సుమారు 1000 డిగ్రీల సెల్సియస్ అని తేలింది.

1912 జనవరిలో జాగర్ పెట్టెబేడా సర్దుకుని కిలవేయాకు చేరుకున్నారు. ప్రపంచంలో పేరున్న విద్యాసంస్థలో పెద్ద పదవి. దాన్ని వదిలి సముద్రం మధ్యలో, పొగ కక్కే గొయ్యి అంచున కూర్చోవడం చాలామందికి పిచ్చిగా తోచి ఉంటుంది. ఇంట్లో కూడా సుఖం లేకపోయింది. మొదటి వివాహం నిలవలేదు. 1917లో ఇసబెల్ మేడ్‌వెల్‌ను వివాహం చేసుకున్నారు. ఆమె కొలతల్లో, రికార్డుల్లో ఆయనతో సమానంగా పని చేశారు.

ఆ ఫిబ్రవరిలో అబ్జర్వేటరీ పని మొదలైంది. భూకంపాలు కొలిచే యంత్రాలు కదలకుండా ఉండాలంటే గట్టి రాతి మీద కూర్చోబెట్టాలి. పైనున్న బూడిద, గుల్లరాయి తవ్వి, కింద గట్టి రాయి తగిలేవరకూ నేలమాళిగ తీశారు. తవ్వినవాళ్ళు జైలు నుంచి తెచ్చిన ఖైదీలు. ఈ సంగతి చదివినప్పుడు మేము కాసేపు ఆగాం. జాగర్ పేరు చరిత్రలో ఉంది, విరాళం ఇచ్చినవారి పేరు ఆ మాళిగకు పెట్టారు. గడ్డపార పట్టినవాళ్ళు ఖైదీలు అన్న ఒక్క మాటలోనే మిగిలిపోయారు. ఆ చేతులు లేకపోతే యంత్రం నిలబడేది కాదు.

రోజువారీ పని

అబ్జర్వేటరీ అంటే పెద్ద దుర్భిణి ఉన్న మేడ అనుకోకండి. అది చిన్న ఇల్లు. పని ఏమిటంటే, రోజూ లావా మట్టం కొలవాలి. మసి పూసిన కాగితం మీద సూది గీసిన గీతలు చూసి ఎన్ని ప్రకంపనలు వచ్చాయో లెక్కపెట్టాలి. నేల ఏ పక్కకు వాలిందో చూడాలి. రాయాలి. మరునాడు మళ్ళీ అదే.

నేల వాలడం ఏమిటని మీరు అడగవచ్చు. కింద లావా నిండుతుంటే కొండ పైభాగం పూరీలా కొద్దిగా ఉబ్బుతుంది. లావా వేరే దారిన పోతే దిగుతుంది. కంటికి కనిపించదు. యంత్రంలోని సూది మాత్రం ఒక పక్కకు జరుగుతూ పోతుంది. మొదట ఇది యంత్రంలో లోపమేమో అనిపించేంత చిన్న సంగతి. రోజూ రాసిన పుస్తకం ఉంది కాబట్టి, సూది జరగడానికీ లావా మట్టానికీ సంబంధం ఉందని తెలిసింది. నేడు ప్రపంచంలో అగ్నిపర్వతాలను గమనించేవాళ్ళంతా నేల వాలును కొలుస్తున్నారు.

1917లో జాగర్, ఆయన సహాయకులు గొయ్యిలోకి దిగి లావా చెరువు ఒడ్డు దాకా వెళ్ళారు. పొడవాటి ఇనుప గొట్టాలు లావాలోకి దించారు. గొట్టం లోపల ప్రత్యేకమైన మట్టితో చేసిన చిన్న శంకువులు పెట్టేవారు. ఒక్కో శంకువు ఒక్కో వేడి దగ్గర వంగిపోతుంది. పైకి తీశాక ఏది వంగింది, ఏది నిలిచింది అని చూస్తే ఆ లోతున వేడి ఎంతో తెలుస్తుంది. ఇంత తేలిక ఉపాయం! అంతులేని లోతు ఉన్నట్టు కనిపించిన ఆ చెరువులో పలుచని లావా కొద్ది లోతు వరకే ఉందనీ, దాని కింద చిక్కటి ముద్దలా ఉందనీ అలా తెలుసుకున్నారు.

డబ్బుకు ఎప్పుడూ ఇబ్బందే. అబ్జర్వేటరీ 1919లో అమెరికా వాతావరణ శాఖ చేతికి, 1924లో భూవిజ్ఞాన సర్వే చేతికి, 1935లో జాతీయ ఉద్యానవనాల శాఖ చేతికి మారింది. పైనున్న శాఖ మారినా పుస్తకంలో రాయడం మాత్రం ఆగలేదు.

1924 ఫిబ్రవరిలో లావా చెరువు ఉన్నట్టుండి ఇంకిపోయింది. మే నెలలో పేలుళ్ళు మొదలయ్యాయి. టన్నుల బరువున్న బండలు గాల్లోకి లేచాయి. దగ్గరికి వెళ్ళిన ఒకతను బండ తగిలి చనిపోయాడు. హలెమౌమౌ గొయ్యి వెడల్పు రెండింతలయింది. నెమ్మది కొండ అని పేరున్న కిలవేయా కూడా పేలగలదని అందరికీ తెలిసింది.

నమ్మని హెచ్చరిక, నమ్మిన హెచ్చరిక

మేము ఈ వ్యాసం రాయడానికి అసలు కారణం ఈ భాగమే.

పిడుగు పడినప్పుడు మెరుపు ముందు కనిపిస్తుంది, ఉరుము తర్వాత వినిపిస్తుంది. రెంటికీ మధ్య ఎంత సేపో లెక్కపెడితే పిడుగు ఎంత దూరంలో పడిందో చెప్పవచ్చు. భూకంపమూ అంతే. ఒక రకం తరంగాలు ముందు వస్తాయి, ఇంకో రకం వెనక వస్తాయి. ఆ తేడాను బట్టి దూరం తెలుస్తుంది. ఈ తరంగాలు భూమి లోపల సెకనుకు కొన్ని కిలోమీటర్లు ప్రయాణిస్తాయి. సముద్రంలో పుట్టే సునామీ అల విమానమంత వేగంగా వచ్చినా వాటికంటే చాలా వెనకే. అంటే వేల కిలోమీటర్ల దూరంలో భూకంపం వస్తే, వార్త నిమిషాల్లో అందుతుంది, అల గంటల తర్వాత వస్తుంది. ఆ మధ్య సమయమే ప్రాణాలు కాపాడే సమయం.

1923 ఫిబ్రవరి 3న యంత్రాల మీద పెద్ద భూకంపం నమోదైంది. అది రష్యాలోని కమ్చట్కా దగ్గర వచ్చింది. అల రావచ్చని జాగర్ హీలో రేవు అధికారికి చెప్పారు. రేవులో ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. కొన్ని గంటల తర్వాత అల వచ్చింది. పడవలు విరిగాయి. ఒక జాలరి చనిపోయాడు.

ఇక్కడ జాగర్ కోపం తెచ్చుకుని మానేయవచ్చు. నేను చెప్పాను, మీరు వినలేదు అని చేతులు దులుపుకోవచ్చు. ఆయన అలా చేయలేదు. మళ్ళీ పుస్తకం తెరిచారు.

పదేళ్ళు గడిచాయి. 1933 మార్చిలో జపాన్‌లోని సాన్రికు తీరం దగ్గర భారీ భూకంపం వచ్చింది. జపాన్‌లో సుమారు 3,000 మంది చనిపోయారు. హవాయి అబ్జర్వేటరీ గీతలు చూసి లెక్క వేసి హెచ్చరిక పంపింది. ఈసారి రేవులో విన్నారు. పడవలను లోతు నీళ్ళలోకి తీసుకెళ్ళారు, సరుకు పైకి చేర్చారు. అల వచ్చింది. హవాయిలో ఒక్క ప్రాణం కూడా పోలేదు.

మన వాచ్‌మన్ తాత మాట మేము వినలేదు. ఆయనకూ నీళ్ళ రంగు, కొమ్మలు చూసి లెక్క తెలుసు. ఆయన దగ్గర లేనిది గీత గీసిన కాగితం ఒక్కటే. చేతిలో కాగితం ఉన్న జాగర్‌కే మొదటిసారి ఎవరూ నమ్మలేదంటే, కాగితం లేని తాత పరిస్థితి ఏమిటి?

ఆయన పొరపాటు

గొప్పవాళ్ళ గురించి రాసేటప్పుడు తప్పులు దాచేస్తాం. అది మంచి అలవాటు కాదు. 1935 నవంబరులో పక్కనున్న మౌనాలోవా అగ్నిపర్వతం నుంచి లావా ఏరులా పారుతూ హీలో పట్టణం దిక్కుగా కదిలింది. హీలోకు తాగునీరు ఇచ్చే వైలుకు నది తలాపు దాకా వస్తుందేమోనని భయపడ్డారు. జాగర్ సైన్యం సాయం అడిగారు. డిసెంబరు 27న విమానాలు లావా కాలువ మీద, ఒక్కొక్కటి సుమారు 270 కిలోల బరువున్న బాంబులు వేశాయి. 1936 జనవరి 2న లావా ఆగిపోయింది. తన ఉపాయం పనిచేసిందని జాగర్ చివరిదాకా నమ్మారు. తోటి శాస్త్రవేత్తలు కొందరు అప్పుడే ఒప్పుకోలేదు. అప్పటికే లావా సరఫరా తగ్గిపోయిందనీ, బాంబులు వేయకపోయినా ఆగేదనీ తర్వాతివాళ్ళు తేల్చారు. ఇన్నేళ్ళు కొలిచి కొలిచి చెప్పిన మనిషి కూడా, తన ఊరు ఆపదలో ఉంటే ఆశ వైపు మొగ్గుతాడు. ఆయన మనిషే.

చివరి రోజులు

28 ఏళ్ళ తర్వాత, 1940లో, జాగర్ పదవీ విరమణ చేసి హొనొలులులోని హవాయి విశ్వవిద్యాలయంలో పని కొనసాగించారు. 1946 ఏప్రిల్ 1న అలూషియన్ ద్వీపాల దగ్గర భూకంపం వచ్చింది. హవాయికి అల వచ్చింది. అప్పుడు హెచ్చరిక అందలేదు. 159 మంది చనిపోయారు. వారిలో 96 మంది ఆ హీలో పట్టణం వాళ్ళే. 1933లో ఒక అబ్జర్వేటరీ శ్రద్ధతో జరిగిన పని, అప్పటికి ఒక వ్యవస్థగా నిలబడలేదు. 75 ఏళ్ళ వయసులో ఆ వార్త విన్న జాగర్ మనసు ఎలా ఉండి ఉంటుందో మనం ఊహించుకోవలసిందే. ఆ విషాదం తర్వాత 1949లో హవాయిలో సునామీ హెచ్చరిక కేంద్రం ఏర్పడింది.

1953 జనవరి 17న జాగర్ కన్నుమూశారు. ఆయన స్వీయకథ 1956లో వెలువడింది. కిలవేయా అంచున ఆయన పేరుతో పెట్టిన మ్యూజియం 2018లో అగ్నిపర్వతం కుంగినప్పుడు దెబ్బతిని మూతపడింది. 2024లో ఆ భవనాన్ని తొలగించారు. ఆయన పేరున్న గోడలు పోయాయి, ఆయన రాయించిన పుస్తకాలు మిగిలాయి. 2018లో కొండ కుంగినప్పుడు శాస్త్రవేత్తలు 1924 నాటి రికార్డులతో పోల్చి చూసుకున్నారు.

మనకేం సంబంధం?

సంబంధం ఉంది. 2004 డిసెంబరు 26న సుమత్రా దగ్గర భూకంపం వస్తే అల మన కోస్తాకు చేరడానికి రెండు గంటలకు పైగా పట్టింది. ఆ సమయంలో చెప్పేవాళ్ళు లేరు. ఒక్క ఆంధ్రప్రదేశ్ తీరంలోనే వందమందికి పైగా చనిపోయారు. ఆ తర్వాత 2007లో మన హైదరాబాదులోని సముద్ర సమాచార సేవా కేంద్రం (ఇన్‌కాయిస్)లో సునామీ హెచ్చరిక కేంద్రం మొదలైంది. ఇంకో సంగతి. మన పత్తి చేలల్లోని నల్లరేగడి చాలా చోట్ల దక్కను లావా రాయి చివికి ఏర్పడినదే. సుమారు 6 కోట్ల 60 లక్షల ఏళ్ళ కిందటి లావా అది. మన అమ్మానాన్నలు కలుపు తీస్తున్నది చల్లారిన లావా మీద.

తమ్ముళ్ళూ, మొన్న సెలవుల్లో మేము వచ్చి వాగు మీది కల్వర్టు గోడకు తెల్లరంగు వేసి, నల్లరంగుతో సెంటీమీటర్ల గీతలు గీశాం. చూసే ఉంటారు. ఆఫీసు గదిలో ఒక లాంగ్ నోట్‌బుక్ పెట్టాం. ఉదయం టిఫిన్‌కు ముందు ఒకసారి, సాయంత్రం ఆటల తర్వాత ఒకసారి, కల్వర్టు పైన రోడ్డు మీద నిలబడే నీళ్ళు ఏ గీత దగ్గర ఉన్నాయో చూసి తేదీ వేసి రాయండి. వాన రోజున ఒంటరిగా వెళ్ళకండి, నీళ్ళలోకి దిగకండి. నీళ్ళ రంగు కూడా రాయండి. రంగు గురించి తాతను అడగండి, ఆయన చెప్పింది ఆయన పేరుతోనే రాయండి.

మొదటి నెల విసుగ్గా ఉంటుంది. రోజూ అదే అంకె. మాకూ ఫీల్డ్‌లో అలాగే ఉంటుంది. కానీ ఒక వానకాలం గడిచాక ఆ పుస్తకం తిరగేస్తే, ఏ గీత దాటితే ఎంత సేపట్లో కింది గదికి నీళ్ళు వస్తాయో మీరే చెప్పగలుగుతారు. అప్పుడు పదో తరగతి పిల్లల పెట్టెలు సాయంత్రమే మేడ ఎక్కుతాయి.

వచ్చే వార్షికోత్సవానికి ఆ పుస్తకం చూడటానికి వస్తాం.

– మీ అన్నలు, పూర్వ విద్యార్థులు, ఎం.ఎస్సీ. (జియాలజీ)